గుర్రం మీద ఉన్నోడు హీరో, మరి కొండ మీద ఉన్నోడు?

కొంచెం పెద్ద పోస్టు ఇది, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకు గూడూరు వచ్చినప్పుడు నలుగురు హాస్టల్ మిత్రులం మా ఇంట్లో చేరాం. ముగ్గురం యానాదులం, ఒకడు ఎరుకల. నాలుగు రాత్రులు లాప్‌టాప్ ముందు కూర్చుని పాత కౌబాయ్ సినిమాలు వరసగా చూశాం. 'స్టేజ్‌కోచ్' (1939), 'ది సెర్చర్స్' (1956), 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966), 'మెకన్నాస్ గోల్డ్' (1969). ఆఖరి రాత్రి మన కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971).

ఒకడికి శ్మశానంలో ముగ్గురూ తుపాకుల మీద చెయ్యి పెట్టుకుని ఒకరినొకరు చూసుకునే సీను పిచ్చిగా నచ్చింది. ఆ సంగీతం మోరికోనే తప్ప ఇంకెవరూ చెయ్యలేరన్నాడు. ఇంకొకడు జాన్ ఫోర్డ్ చూపించిన ఎర్ర కొండల ముందు అవన్నీ దిగదుడుపే అన్నాడు. నాకు 'మెకన్నాస్ గోల్డ్'లో బంగారు లోయ కూలిపోయేది నచ్చింది. మా ఎరుకల తమ్ముడు మాత్రం మూడు రాత్రులూ ఏమీ మాట్లాడలేదు. నాలుగో రాత్రి అడిగాడు.

"అన్నా, గుర్రం మీద ఉన్నోడు హీరో. సరే. మరి ఆ కొండ మీద నిలబడి చూస్తా ఉన్నోడి పేరేంది?"

మా దగ్గర జవాబు లేదు. మళ్ళీ 'స్టేజ్‌కోచ్' పెట్టి చూశాం. బండిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంది. తాగుబోతు డాక్టరుకు ఉంది, జూదగాడికి ఉంది, ఊరు వెళ్ళగొట్టిన ఆడమనిషికి ఉంది. బండి వెనక గుర్రాల మీద వచ్చే అపాచీలకు మాత్రం కిందపడి చావడమే పని. అందరూ భయంతో తలుచుకునే పేరు జెరోనిమో. ఆయన ఎందుకు పోరాడుతున్నాడో సినిమాలో ఎవరూ అడగరు. అసలు చరిత్రలో జెరోనిమో 1886లో లొంగిపోయాడు. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా యుద్ధ ఖైదీగానే ఉండి, సొంత నేలకు తిరిగి పోకుండానే 1909లో చనిపోయాడు. సినిమా వచ్చింది ఆయన పోయిన ముప్పై ఏళ్ళకు.

ఇంకో సంగతి. ఫోర్డ్ సినిమాలు తీసిన మాన్యుమెంట్ వ్యాలీ నవాజో ఆదివాసుల నేల. అక్కడి నవాజోలనే పిలిచి కూలి ఇచ్చి అపాచీలుగా నటించమన్నారు. 'ది సెర్చర్స్'లో కొమాంచీ నాయకుడి వేషం జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్ అనే తెల్ల నటుడిది. 1964లో ఫోర్డే 'చెయెన్ ఆటమ్' తీసి, ఆదివాసులకు జరిగిన అన్యాయం చూపించబోయాడు. మంచి ప్రయత్నమే. అయినా చెయెన్ పెద్దల పాత్రలు మెక్సికో నటులకు పోయాయి. వెనక గుంపులో ఉన్న నవాజోలు తమ నవాజో భాషే మాట్లాడారు. చూసేవాళ్ళకు ఆ తేడా తెలియదు కదా! ఏ తెగ అయితే ఏముందిలే అనుకోవడం అంటే ఇదే.

ఇది అమెరికాలోనే జరిగిందని అనుకోవద్దు. 'జై భీమ్' మనందరం ఏడుస్తా చూసిన సినిమా. 1993లో తమిళనాడులో జరిగిన నిజం కేసు అది. సినిమాలో బాధితులు ఇరుల వాళ్ళు. అసలు కేసులో చనిపోయిన మనిషి కురవ కులస్తుడు, అంటే మన ఎరుకలోళ్ళకు దగ్గరివాడు. ఆ సినిమా చేసిన మేలును నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ మన మీద ప్రేమతో తీసిన సినిమాలో కూడా ఒక తెగ ఇంకో తెగగా మారిపోగలదని గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు తేదీల దగ్గరికి వద్దాం. 1871 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఇకమీదట ఏ ఆదివాసీ తెగనూ స్వతంత్ర జాతిగా గుర్తించి ఒప్పందం చేసుకోబోమన్నది దాని సారం. అదే ఏడాది అక్టోబరులో ఇక్కడ బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్తులు అన్నది దాని సారం. మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911 చట్టంతో మద్రాసు రాజ్యానికి, అంటే మన వైపుకూ వచ్చింది. పేర్లు రాయించుకోవాలి, హాజరు పలకాలి, అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. కుటుంబాలకు కుటుంబాలనే సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. మన నెల్లూరు వైపు కావలిలో ఎరుకలోళ్ళ సెటిల్‌మెంటును నడిపింది ఎవరో తెలుసా? అమెరికన్ బాప్టిస్ట్ మిషన్. ఆ దేశం తన ఆదివాసీ పిల్లల్ని జుట్టు కత్తిరించి, భాష మాన్పించి బోర్డింగ్ బడుల్లో పెడుతున్న కాలంలోనే, ఆ దేశం మిషన్ వాళ్ళు గూడూరుకు వంద కిలోమీటర్ల లోపే మనోళ్ళకు 'మంచి నడత' నేర్పుతున్నారు. అక్కడ చదువు చెప్పారు, చేతిపని నేర్పారు, అదీ నిజమే. బయటికి పోవాలంటే అడిగి పోవాల్సి రావడమూ నిజమే.

మా తమ్ముడు చెప్పాడు. "మా జేజబ్బ రాత్రి నిద్దర్లో కూడా పేరు పిలిచినట్టు ఉలిక్కిపడి 'ఉన్నా సామీ' అనేవాడంట." అది విన్నాక ఆ రాత్రి ఇంకో సినిమా పెట్టాలనిపించలేదు.

మద్రాసు రాజ్యంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతా పోయింది 1952లో. దాని మీద పోరాడినవాళ్ళలో మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారిని మరిచిపోకూడదు. ఆయన మన తెగల మనిషి కాకపోయినా యానాదుల సంఘం పెట్టి, ఊరూరా తిరిగి, యానాదుల మీద పుస్తకం రాశారు.

మళ్ళీ సినిమాకు వద్దాం. 1871కి సరిగ్గా నూరేళ్ళకు, 1971 ఆగస్టు 27న 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. రాసింది ఆరుద్ర, తీసింది కె.ఎస్.ఆర్. దాస్. దాస్ ఎక్కడివారు అనుకున్నారు? మన పక్కనే వెంకటగిరి. గూడూరులో రైలెక్కితే కాసేపట్లో వచ్చే ఊరు. ఆ ఊరాయన రాజస్థాన్ ఎడారికి యూనిట్‌ను తీసుకుపోయి, కృష్ణకు టోపీ పెట్టి, గుర్రం ఎక్కించి, నిధి వేట తీశాడు. తర్వాత అది 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి కూడా పోయింది. మా తాత నేల టికెట్టుకు చూశాడంట. "నక్కజిత్తుల నాగన్న వస్తే నవ్వు, కిష్ణ వస్తే ఈలలు. బయటికొచ్చి అందరం టవల్ టోపీ మాదిరి చుట్టుకున్న్యాం" అని ఇప్పటికీ చెబుతాడు. అప్పుడు మా తాతకు హీరోతోనే చుట్టరికం. తప్పేం లేదు, హాల్లో కూర్చున్న ఎవరికైనా అంతే.

ఆ సినిమా వచ్చిన ఆరు వారాలకు, 1971 అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ దీవి యానాదుల దీవి. 1835లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తన కిందికి తీసుకుని, అడవిని మద్రాసు పట్నానికి కట్టెలు పంపే చోటు చేసింది. మనోళ్ళు తేనె, దుంపలు, మూలికలు తెచ్చి ఇచ్చి బియ్యం తీసుకునే కూలీలయ్యారు. 1969లో రాకెట్ కేంద్రానికి దీవిని ఎంచుకున్నాక, తరాలుగా ఉన్న గుడిసెలు కదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే నేనూ మిద్దెక్కి చూస్తా, చప్పట్లు కొడతా. కానీ పిల్లలకు ఆ దీవి గురించి చెప్పేటప్పుడు కథ 1969లో మొదలుపెడతాం. కొండ మీద నిలబడినోడి పేరు చెప్పకుండా బండి కథ చెప్పడం లాంటిదే అది.

నాకు చివరికి అర్థమైంది ఇది. కౌబాయ్ కథ అమెరికాది. దాన్ని ఇటలీ వాళ్ళు తీసుకుపోయి స్పెయిన్‌లో తీశారు. వెంకటగిరి మనిషి తీసుకుపోయి రాజస్థాన్‌లో తీశాడు. టోపీ, తుపాకీ, గుర్రం ఎవరైనా వాడుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరి మీద ఆ తుపాకీ పేలిందో వాళ్ళ చేతికి కెమెరా రావడానికే చాలా కాలం పట్టింది. 1998లో 'స్మోక్ సిగ్నల్స్' అని ఒక సినిమా వచ్చింది. రచయిత, దర్శకుడు, ముఖ్య నటులు అంతా అక్కడి ఆదివాసులే. ఇద్దరు కుర్రాళ్ళు బస్సెక్కి, చనిపోయిన తండ్రి బూడిద తెచ్చుకోవడానికి పోతారు. దారిలో జాన్ వేన్ పళ్ళ మీద పాట కట్టి పాడి నవ్వుతారు. యుద్ధం లేదు, వెంటబడేది లేదు. వాళ్ళకు పేర్లున్నాయి, కోపాలున్నాయి, జోకులున్నాయి. అయిదో రాత్రి అది చూశాం. నలుగురం బాగా నవ్వాం. మా తమ్ముడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో తాత, అవ్వ, జేజి ఎవరున్నా ఈ సెలవుల్లోనే ఫోను పక్కన పెట్టి రికార్డు చెయ్యండి. ఏ దిబ్బ మీద పుట్టారు, ఎక్కడ హాజరు పలికారు, ఏ చెరువు కట్ట మీద కాపలా కాశారు, ఎవరింట్లో వెట్టి చేశారు, మొదటి సినిమా ఏ హాల్లో చూశారు. పెద్ద కథలే కానక్కర్లేదు. తేదీ తెలియకపోతే ఏ తుఫాను ఏడాదో అడగండి, చెబుతారు. ముందు పేర్లు రాసుకుందాం. సినిమా మనలో ఎవరో ఒకరు తీస్తారు.

మా తాతది నేను మొదలుపెట్టినా. మొదటి మాటే, "ఒరే, ముందు నా పేరు సరిగ్గా రాసుకో" అన్నాడు.