కారు కిటికీ హోరు

కారు వేగంగా ప్రయాణించునపుడు తెరచిన కిటికీ వలన లోపల పుట్టే గాలి శబ్దమే కారు కిటికీ హోరు. ఇది రెండు రకాలు. మొదటిది ఎడతెగక వినిపించే రొద. రెండవది దబదబమంటూ చెవులను అదిమే గాలి దెబ్బ. వెనుక కిటికీ ఒక్కటే తెరచినపుడు రెండవ రకం ఎక్కువగా ఏర్పడుతుంది. దీనిని చక్రాల లోపమనో, తలుపు లోపమనో పొరబడే అవకాశం ఉన్నది. నిజానికి ఇది హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం అనే భౌతికశాస్త్ర దృగ్విషయం.

శబ్దం పుట్టే విధానం

ఖాళీ సీసా మూతికి అడ్డంగా ఊదితే సీసా మోగుతుంది. మూతి వద్దనున్న గాలి లోపలికీ బయటికీ కదులుతుండగా, లోపలి గాలి స్ప్రింగు వలె కుంచించుకొని, వ్యాకోచిస్తుంది. ఇటువంటి అనునాదాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ (1821-1894) వివరించాడు. 1863లో వెలువడిన ఆయన గ్రంథం ధ్వనిశాస్త్రంలో ప్రసిద్ధమైనది.

కారును పెద్ద సీసాగా, కిటికీని దాని మూతిగా భావించవచ్చు. కిటికీ ముందు అంచు వద్ద గాలిలో సుడులు ఏర్పడి, వెనుక అంచుకు ఒకదాని తరువాత ఒకటిగా తగులుతాయి. ఇవి సుమారుగా బయటి గాలి వేగంలో సగం వేగంతో కదులుతాయి. ఉదాహరణకు కారు వేగం గంటకు 90 కి.మీ. (సెకనుకు 25 మీటర్లు), కిటికీ పొడవు 60 సెం.మీ. అనుకొంటే, సెకనుకు దాదాపు 20 సుడులు వెనుక అంచును తాకుతాయి. కారు లోపలి గాలి సహజ పౌనఃపున్యం కూడా ఇంచుమించు 20 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటుంది. ఈ రెండూ కలిసినపుడు అనునాదం ఏర్పడి, శబ్ద స్థాయి 100 డెసిబెల్లు దాటవచ్చు. మనిషి వినగల శబ్దాల కనిష్ఠ హద్దు కూడా 20 హెర్ట్జే కనుక, ఇది శబ్దంగా కంటె పీడనంగా ఎక్కువ తెలుస్తుంది.

20 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 17 మీటర్లు. ఇది కారు పొడవు కంటె చాలా ఎక్కువ. అందువలన లోపలి పీడనం అన్నిచోట్లా ఒకేసారి పెరిగి తగ్గుతుంది. వెనుక కిటికీ తెరచినా ముందు కూర్చున్నవారికి కూడా చెవులు అదిరేది ఇందుకే.

ముందు కిటికీ వద్ద పక్క అద్దం, ముందు స్తంభం గాలి ప్రవాహాన్ని చెదరగొడతాయి. వెనుక కిటికీని చేరే ప్రవాహం అంతగా చెదరదు కనుక అక్కడ సుడులు క్రమబద్ధంగా ఏర్పడతాయి.

వినికిడిపై ప్రభావం

దబదబ చికాకు, తలనొప్పి కలిగించవచ్చు. అయితే దీర్ఘకాలంలో వినికిడికి ముప్పు తెచ్చేది ఎడతెగని రొద. ఉద్యోగులు రోజుకు 8 గంటలు 85 డెసిబెల్లకు మించిన శబ్దంలో ఉండరాదని అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచించింది. ఆపై ప్రతి 3 డెసిబెల్లకు ఈ వ్యవధి సగమవుతుంది. అంటే 88 డెసిబెల్లకు 4 గంటలు, 91 డెసిబెల్లకు 2 గంటలు మాత్రమే. రహదారిపై వేగంగా పోయే కారులో కిటికీలు తెరచి ఉంటే శబ్దం ఈ స్థాయికి చేరవచ్చు. భారతదేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక అతని కుడి చెవి కిటికీకి దగ్గరగా ఉంటుంది. అంబులెన్సు సైరను, ఇతర వాహనాల హారను కూడా ఈ రొదలో సరిగా వినిపించకపోవచ్చు.

నివారణ

* మరొక కిటికీని కొద్దిగా తెరిస్తే పీడనం బయటపడుటకు రెండవ దారి ఏర్పడి, దబదబ చాలావరకు తగ్గుతుంది.
* వేగాన్ని తగ్గించినా, కిటికీని కొంత మూసినా అనునాదం తప్పుతుంది.
* సన్‌రూఫ్ ముందు అంచున అమర్చే గాలి మళ్ళింపు పట్టీ సుడులను చెదరగొడుతుంది.

రెండవ కిటికీ తెరచినందువలన దబదబ తగ్గినా రొద తగ్గదు, పైగా పెరుగుతుంది. కావున దూర ప్రయాణాలలో కిటికీలు మూసి, గాలి గొట్టాల ద్వారా గాలి వచ్చే ఏర్పాటును వాడుట చెవులకు మేలు.

ఇవి కూడా చూడండి

* అనునాదం
* డెసిబెల్
* ధ్వని కాలుష్యం