జవాబివ్వని వారి ఓటు

అమెరికా అధ్యక్ష ఎన్నిక దగ్గర పడిందంటే మన సంఘ సభ్యుల యిళ్లలో కూడా సర్వేల లెక్కలు వినబడతాయి. పిల్లలు అక్కడ వున్నారు గనుక సహజమే. మన రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎం.పి.లు, ఎమ్మెల్యేలు. అక్కడ ఊరూవాడా కదలాలి. "ఫలానా అభ్యర్థికి 52 శాతం" అని చదివినప్పుడు, సర్వీసంతా ప్రొఫార్మాలు పంపి, రిమైండర్లు రాసి, జవాబుల కోసం కాచుకున్న గుమాస్తాగా నాకు తోచేది ఒకటే. ఎందరిని అడిగారు, ఎందరు జవాబిచ్చారు?

ఈ ప్రశ్న విలువ 1936లో తేలింది. 'లిటరరీ డైజెస్ట్' అనే వారపత్రిక అంతకు ముందు వరుసగా ఐదు ఎన్నికల ఫలితాలు సరిగా చెప్పి పేరు తెచ్చుకుంది. ఆ ఏడు సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీల నుండి, కార్ల రిజిస్టర్ల నుండి తీసుకున్నారు. 23 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కించి లాండన్ నెగ్గుతాడన్నారు. తీరా చూస్తే 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్‌వి! అంతకంటే చాలా తక్కువ మందిని అడిగిన జార్జి గాలప్ రూజ్‌వెల్ట్ పేరే చెప్పాడు, మెజారిటీని తక్కువగా అంచనా వేసినా. పత్రిక 1938లో మూతపడింది.

ఆర్థిక మాంద్యం రోజులలో ఫోనూ కారూ కలవారికే వుంటాయి, అందుకే తప్పింది అంటారు. అది సగమే. 1937 నాటి గాలప్ సర్వేను ఒక ఆచార్యుడు 1988లో మళ్లీ పరిశీలించాడు. ఆ బ్యాలెట్లు అందుకున్నవారిలో కూడా రూజ్‌వెల్ట్‌దే పైచేయి అని తేలింది. శ్రమపడి తిప్పి పంపినవారిలో మాత్రం లాండన్ మనుషులు ఎక్కువ. మనకిది కొత్త కాదు. పింఛను అందనివాడు అర్జీ పెడతాడు గాని, ఒకటో తేదీకి అందినవాడు ఉత్తరం రాస్తాడా?

గాలప్‌కూ 1948లో దెబ్బ తగిలింది. అక్టోబరు మధ్యలోనే అడగడం ఆపేసి, డ్యూయీకి 5 శాతం ఆధిక్యం చూపాడు. ట్రూమన్ 4 శాతం పైచిలుకుతో నెగ్గాడు. 2016లో దేశవ్యాప్త సర్వేలు పెద్దగా తప్పలేదు. కాని కొన్ని రాష్ట్రాల సర్వేలలో కాలేజీ చదువు లేనివారికి తగిన వాటా యివ్వలేదు. మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో ట్రంప్ మెజారిటీ మూడూ కలిపినా 80 వేల లోపే. ఫలితం అక్కడే తేలింది.

జవాబిచ్చినవాడు ఓటుకు వెళతాడా అన్నది మరో చిక్కు. అందుకే ఒక్కొక్క సంస్థ "రిజిస్టరయిన ఓటర్లు" అని ఒక అంకె, "తప్పక వెళ్లేవారు" అని మరో అంకె యిస్తుంది. రెండవది సంస్థ వేసుకున్న ఊహ మీద ఆధారపడుతుంది. ఏ అంకె చదువుతున్నామో చూసుకోకుండా మిత్రులు వాదనకు దిగరాదని మనవి.

పోలింగు శాతం చదివేటప్పుడూ జాగ్రత్త కావాలి. 2020లో అర్హులలో సుమారు 66 శాతం ఓటేశారు. మొత్తం వయోజనుల మీద చూస్తే అదే 62 దగ్గర ఆగుతుంది. జైళ్లలో వున్నవారిలో చాలామంది, పౌరసత్వం లేనివారు రెండో లెక్కలో వుంటారు, మొదటి లెక్కలో వుండరు. గ్రీన్ కార్డు మీద ఏళ్ల తరబడి అక్కడే పన్నులు కడుతున్న మన పిల్లలూ ఆ రెండో లెక్కలోని వయోజనులే. బూత్‌లో మాత్రం వారికి పేరు లేదు.