మందుపాతర పేలి కాలు పోయినా పారాలింపిక్స్‌కు.. ఎవరీ కొంగనపల్లి నారాయణ? పారా రోయింగ్ అంటే ఏంటి?

ఏటూరునాగారం: గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు పడవ కొత్త కాదు. ఏటూరునాగారం మండలం రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర నీటిమట్టం పెరిగిందంటే చాలు, ఏజెన్సీ అంతా అలర్ట్ అవుతుంది. వానాకాలంలో వాగులు పొంగితే పడవే దిక్కయ్యే పల్లెలు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఆ పడవకు, అంతర్జాతీయ పోటీల్లో కనిపించే రోయింగ్ పడవకు చాలా తేడా ఉంది. ఆ పోటీ పడవలో పారాలింపిక్స్ దాకా వెళ్లిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన గోదావరి తీరం మనిషి కాదు. కరవు సీమగా పేరుపడ్డ రాయలసీమ నుంచి వచ్చిన ఆర్మీ జవాన్. పేరు కొంగనపల్లి నారాయణ.

ఎవరీ నారాయణ?

నారాయణది ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల ప్రాంతం. భారత సైన్యంలో చేరి జమ్మూకశ్మీర్‌లో విధులు నిర్వహించారు. 2015లో అక్కడే మందుపాతర పేలడంతో కాలు కోల్పోయారు. సైనికుడికి కాలు పోతే కెరీర్ అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. నారాయణ మాత్రం కృత్రిమ కాలుతో లేచి నిలబడి, ఆ తర్వాత రోయింగ్ వైపు వచ్చారు. ఈ ఆటలో సైన్యానికి పెద్ద వ్యవస్థే ఉంది. పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజినీరింగ్‌లో ఉన్న ఆర్మీ రోయింగ్ నోడ్ నుంచి దేశానికి ఎందరో రోయర్లు వచ్చారు.

ఆసియాలో వెండి పతకం

2022 ఆసియా పారా క్రీడలు కరోనా వల్ల వాయిదా పడి, 2023 అక్టోబర్‌లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగాయి. అక్కడ పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో రాజస్థాన్‌కు చెందిన అనితతో కలిసి నారాయణ రజతం గెలిచారు. అనిత కూడా ఒక కాలు కోల్పోయిన క్రీడాకారిణే. 2024 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని చుంగ్జులో జరిగిన ఆసియా, ఓషియానియా అర్హత పోటీల్లో ఈ జోడీ ఏకంగా స్వర్ణం కొట్టింది. దాంతో పారిస్ పారాలింపిక్స్ బెర్త్ ఖాయమైంది.

పారిస్‌లో ఏం జరిగింది?

పారిస్ శివార్లలోని వైర్-సుర్-మార్న్ స్టేడియంలో 2024 ఆగస్టు 30 నుంచి సెప్టెంబర్ 1 వరకు పారా రోయింగ్ పోటీలు జరిగాయి. పతకాలు తేలే ఫైనల్-ఎకు అనిత, నారాయణ చేరలేకపోయారు. ఏడో స్థానం నుంచి ఆపైన ఎవరెవరో తేల్చే ఫైనల్-బిలో రెండో స్థానంలో వచ్చారు. అంటే మొత్తం మీద 8వ స్థానం. స్వర్ణం ఆస్ట్రేలియా జోడీకి దక్కింది. పతకం రాలేదు కాబట్టి ఈ వార్త పెద్దగా వైరల్ కాలేదు. కానీ ఈ విభాగాన్ని పారాలింపిక్స్‌లో పెట్టింది పారిస్‌లోనే తొలిసారి. ఆ మొదటి పోటీలోనే ఒక తెలుగు జవాన్ ఉన్నారన్నది చిన్న విషయం కాదు.

పీఆర్3 అంటే ఏంటి?

పారా రోయింగ్‌లో శరీరంలో ఏ భాగం ఎంత పనిచేస్తుందన్న దాన్నిబట్టి మూడు తరగతులు ఉంటాయి.

• పీఆర్1: భుజాలు, చేతుల బలంతోనే పడవ నడిపేవారు.
• పీఆర్2: నడుము, చేతులు వాడగలిగినా కాళ్లతో సీటును జరపలేనివారు.
• పీఆర్3: కాళ్లు, నడుము, చేతులు మూడూ కొంతమేర వాడగలిగేవారు. చూపు లోపం ఉన్నవారు కూడా ఇందులోనే ఉంటారు.

మిక్స్‌డ్ డబుల్ స్కల్స్ అంటే ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి నడిపే పడవ. ఒక్కొక్కరి చేతిలో రెండేసి తెడ్లు ఉంటాయి. పారా రోయింగ్ 2008 బీజింగ్ పారాలింపిక్స్‌తో మొదలైంది. అప్పట్లో రేసు దూరం 1,000 మీటర్లు. 2017 నుంచి ఒలింపిక్స్‌తో సమానంగా 2,000 మీటర్లు చేశారు.

చేతుల ఆట అనుకుంటే పొరపాటే

చూసేవాళ్లకు రోయింగ్ అంతా చేతుల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అసలు బలం కాళ్లది. పీఆర్3 పడవలో సీటు పట్టాల మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది. రోయర్ ముందు పాదాలతో గట్టిగా తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వంచాలి, చివర్లో చేతులతో తెడ్డు లాగాలి. ఒక కాలు లేనప్పుడు రెండు వైపులా తోపు సమానంగా పడదు. సన్నటి పడవ కాబట్టి కాస్త తేడా వచ్చినా ఒరుగుతుంది. పైగా ఇద్దరి తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడాలి, ఒకేసారి లేవాలి. రేసు జరిగే 8 నిమిషాలూ ఆ లయ తప్పకూడదు.

ఇంకో విశేషం ఉంది. రోయర్లు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. వెనకబడినవాళ్లకు ముందున్నవాళ్లు కనిపించరు. ముందున్నవాళ్లకు మాత్రం వెనకొచ్చే పడవలన్నీ కనిపిస్తాయి.

నది ఉంటే చాలా?

చాలదు. రోయింగ్‌కు 2 కిలోమీటర్లు నిటారుగా, లోతుగా, అలలు లేని నీళ్లు కావాలి. పక్కపక్కనే కనీసం ఆరు లేన్లు పట్టాలి. వానాకాలంలో ఉరకలేసి, ఎండాకాలంలో ఇసుక తేలే గోదావరిలో అది ఏడాది పొడవునా దొరకదు. అందుకే తెలుగు నేల మీద రోయింగ్ అనగానే నది కాకుండా హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ గుర్తొస్తుంది. అక్కడ జాతీయ స్థాయి పోటీలు కూడా జరిగాయి.

గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాకు చెందిన దత్తు భోకనల్ కథా ఇలాంటిదే. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో పెరిగి, ఆర్మీలో చేరాకే 2012లో తెడ్డు పట్టారు. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచారు. 2018 ఆసియా క్రీడల్లో క్వాడ్రపుల్ స్కల్స్ స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన కూడా ఉన్నారు.

దత్తు అయినా, నారాయణ అయినా నది ఒడ్డు నుంచి వచ్చినవారు కాదు. వాళ్లకు పడవ, కోచ్, రోజూ సాధన చేసే నీళ్లు ఇచ్చింది సైన్యం. వాగు పొంగినా వెరవకుండా పడవ దాటించే కుర్రాళ్లు ఏటూరునాగారం వైపు పల్లెల్లో ఉన్నారు. వాళ్లకు ఇప్పటిదాకా అందనిదల్లా ఆ అవకాశమే.