చచ్చిన పిల్లి, 21 ఓట్లు

1832 ఆగస్టులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు విలియం హౌలీ తన పీఠం ఉన్న ఊళ్లోకే బండిలో వస్తుంటే జనం చుట్టుముట్టి చేతికందినవల్లా విసిరారు. వెంట ఉన్న పాదిరి మొహానికి చచ్చిన పిల్లి వచ్చి తగిలిందట. ఆయన లబోదిబోమంటే, బతికున్న పిల్లి కానందుకు సంతోషించమన్నాడట ఆర్చిబిషప్పు.

పిల్లి కథ నిజమో, భోజనాల బల్ల దగ్గర ఎవరో పెంచిందో చెప్పలేం. జనం కోపానికి కారణం మాత్రం లెక్క వేసి చూపించవచ్చు. ఇంగ్లండులో ఓటుహక్కును విస్తరించే సంస్కరణ బిల్లును అంతకు పది నెలల ముందు, 1831 అక్టోబర్ 8 తెల్లవారుజామున, ప్రభువుల సభ తోసిపుచ్చింది. కావాలన్నవాళ్లు 158, వద్దన్నవాళ్లు 199. ఆ 199లో 21 ఓట్లు బిషప్పులవి. ఆ ఇరవై ఒక్కరూ ఇటు వేసి ఉంటే? 158కి 21 కలిపితే 179, 199లో 21 తీస్తే 178. ఒక్క ఓటు తేడాతో బిల్లు నెగ్గేది! మొదటిసారి చదివినప్పుడు నమ్మకం కుదరక కాగితం మీద వేసి చూసుకున్నాను. నేను వేసిన ఈ లెక్కే ఆ రోజుల్లో ఇంగ్లండులో కల్లు దుకాణాల్లో కూచున్నవాళ్లూ వేశారు. పిల్లి లేచింది అందుకే.

ఆ వారం సంగతి ఇంకొంచెం చెప్పాలి, చెప్పకపోతే నాకు తోచదు. ఓల్డ్ సారమ్ అనే పాడుబడ్డ దిబ్బకు పార్లమెంటులో ఇద్దరు సభ్యులుండేవారు. మిల్లుల పొగతో ఊపిరాడని మాంచెస్టర్‌కు ఒక్కడూ లేడు. దీన్ని సరిచేసే బిల్లు కామన్స్ సభలో 109 ఓట్ల ఆధిక్యంతో నెగ్గి ప్రభువుల ముందుకొచ్చింది. ప్రధాని గ్రే అక్టోబర్ 3న చర్చ మొదలుపెడుతూ బిషప్పుల వైపు తిరిగి, ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి అన్న అర్థంలో హెచ్చరించాడు. బెదిరింపుగానే తీసుకున్నారు వాళ్లు. చర్చ ఐదు రాత్రులు సాగింది. చివరి రాత్రి లార్డ్ ఛాన్సలర్ బ్రూమ్ గంటల తరబడి మాట్లాడాడు. గొంతు తడుపుకోవడానికి వేడిచేసిన మద్యం గ్లాసు వెంట గ్లాసు తెప్పించుకున్నాడు. ఆఖర్న, మోకరిల్లి వేడుకుంటున్నాను, బిల్లును కాదనకండి అంటూ నిజంగానే మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎంతకీ లేవకపోతే, ప్రార్థన ఎక్కువై కాదు, మద్యం ఎక్కువై అనుకుని స్నేహితులు చంకల కింద చేతులేసి లేపారట. హౌలీ మాత్రం కరగలేదు. బిల్లుకు వ్యతిరేకంగా మాట్లాడి, వ్యతిరేకంగానే ఓటేశాడు. కావాలన్న బిషప్పులు ఇద్దరే: 87 ఏళ్లు నిండబోతున్న నారిచ్ బిషప్పు బాథర్స్ట్, గ్రే తానే అప్పుడప్పుడే నియమించిన చిచెస్టర్ బిషప్పు మాల్ట్‌బీ. రెండోది పెద్ద ధైర్యం కాకపోవచ్చు. మొదటి ముసలాయనకు మాత్రం నేను దణ్ణం పెడతాను.

ఆ నెలాఖరులో బ్రిస్టల్ అంటుకుంది. 30వ తేదీ ఆదివారం, ఊరొదిలి వెళ్లమని ఎందరు చెప్పినా వినకుండా బిషప్పు రాబర్ట్ గ్రే పొద్దున కెథెడ్రల్‌లో ఆరాధన జరిపించాడు. ఆ రాత్రికి ఆయన భవనం బూడిదైంది. పక్కనే ఉన్న చాప్టర్ హౌస్‌లోకి చొరబడినవాళ్లు అక్కడి పుస్తకాలనూ పాత దస్తావేజులనూ మంటల్లోకి, బురదలోకి విసిరేశారు. భవనం పోతే మళ్లీ కట్టుకుంటారు. ఓటు వేసిన పాపం బిషప్పులదైతే శిక్ష పడింది ఏ ఓటూ లేని కాగితాలకు. ఎన్ని ఊళ్ల కథలు ఆ రాత్రి అక్కడ కాలిపోయాయో తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది. వారం తిరక్కుండానే నవంబర్ 5 వచ్చింది. ఏటా ఆ రాత్రి గై ఫాక్స్ బొమ్మను కాల్చే ఇంగ్లిషు జనం, ఆ ఏడు చాలాచోట్ల గై ఫాక్స్‌ను వదిలేసి బిషప్పు బొమ్మను కాల్చారు. మనం నరకాసురుణ్ణి పక్కనబెట్టి ఊరి పూజారి బొమ్మను కాల్చినట్టన్నమాట.

1832 ఏప్రిల్లో బిల్లు మళ్లీ సభకొచ్చినప్పుడు కొందరు బిషప్పులు పక్క మార్చారు. 9 ఓట్ల ఆధిక్యంతో రెండో పఠనం గట్టెక్కింది, జూన్‌లో చట్టమైంది. అంటే పిల్లి తగిలేనాటికి గొడవ సమసిపోయింది. జనమే మర్చిపోలేదు.

ఇంతకీ పూజా పునస్కారాలు చూసుకోవాల్సినవాళ్లు చట్టసభలో ఎందుకున్నారు? పవిత్రత చూసి ఎవరూ పిలవలేదు, భూమి చూసి పిలిచారు. నార్మన్ రాజుల కాలంలో బిషప్పు పెద్ద జమీందారు. జమీందారైనవాడు రాజుగారి సభకు వచ్చి తీరాలి. 1164 నాటి క్లారెండన్ శాసనాల్లో ఇది రాసిపెట్టి ఉంది, ఒక చిత్రమైన మినహాయింపుతో: తీర్పు ఎవరి ప్రాణమో, ఏ అవయవమో తీసేదాకా వస్తే బిషప్పు లేచి వెళ్లిపోవచ్చు. చేతికి నెత్తురు అంటకూడదని. ఇది చదివి ముచ్చటపడ్డ గంటకే 1810 నాటి సంగతి కంటబడి నా ముచ్చట తీరిపోయింది. దుకాణంలో ఐదు షిల్లింగుల సరుకు దొంగిలించినవాడికి ఉరి వద్దని శామ్యూల్ రోమిలీ తెచ్చిన బిల్లు ప్రభువుల సభలో ఓడిపోయింది. ఉరే ఉండాలన్నవాళ్లలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పూ, మరో ఆరుగురు బిషప్పులూ ఉన్నారు. ఆ రోజు ఎవరూ లేచి వెళ్లలేదు.

మధ్యయుగాల్లో అసలు సభలో మెజారిటీ మతాధికారులదే. బిషప్పులకు తోడు పెద్ద పెద్ద మఠాల అధిపతులూ కూచునేవారు. 1265లో సైమన్ డి మాంట్‌ఫోర్ట్ పిలిపించిన పార్లమెంటులో బారన్ల కంటే వీళ్లే కొన్ని రెట్లు ఎక్కువ. ఎనిమిదో హెన్రీ 1536-40 మధ్య మఠాలన్నిటినీ మూయించాక మఠాధిపతులు పోయారు, బిషప్పులే మిగిలారు. ఆ తర్వాత మామూలు ప్రభువులదే పైచేయి. మఠాలతో పాటు వాటి గ్రంథాలయాలూ, వైద్యం, అన్నదానం కూడా పోయాయి. ఆ లోటుకు సభలో ఎవరూ సంతాపం ప్రకటించినట్టు లేదు.

రోముతో తెగతెంపులు చేసుకున్న చట్టం 1534ది. కానీ ఆంగ్లికన్ చర్చి ఇవాళ్టి రూపానికి పునాది ఎలిజబెత్ 1559లో తెచ్చిన చట్టాలు. అందరూ ఒకే ప్రార్థనల పుస్తకం వాడాలన్న చట్టం ప్రభువుల సభలో 3 ఓట్ల తేడాతో నెగ్గింది. దానికి అనుకూలంగా ఓటేసిన బిషప్పు ఒక్కడూ లేడు. అప్పటికి ఇద్దరు బిషప్పులు టవర్ ఆఫ్ లండన్ జైల్లో ఉన్నారు, లేకపోతే ఇంకెంత దగ్గరికొచ్చేదో! పెళ్లికొడుకు వైపువాళ్లంతా వద్దంటుండగా జరిగిపోయిన పెళ్లిలాంటిది అది.

1641 డిసెంబర్లో లండన్ జనం బిషప్పులను సభలోకి పోనివ్వకుండా అడ్డుకున్నారు. మేం లేనప్పుడు చేసిన పనులేవీ చెల్లవని యార్క్ ఆర్చిబిషప్పు విలియమ్స్‌తో సహా పన్నెండుమంది రాసిచ్చారు. ఆ రాతనే నేరం చేసి వాళ్లను నిర్బంధించారు. 1642లో బిషప్పులను సభ నుంచే తీసేశారు. రాజు తల పోయి, మళ్లీ కొత్త రాజు వచ్చాక, 1661లో కుర్చీలు తిరిగి దక్కాయి.

జనం బిషప్పులను భుజాలకెత్తుకున్న ఘట్టం నాకు తెలిసి ఒకటే. 1688లో రెండో జేమ్స్ తన ప్రకటనను చర్చిల్లో చదివించమంటే, అది చట్టవిరుద్ధం, చదవలేమని ఆర్చిబిషప్పు శాన్‌క్రాఫ్ట్, మరో ఆరుగురు అర్జీ పెట్టుకున్నారు. రాజు వాళ్లను టవర్‌లో వేసి విచారణకు నిలబెట్టాడు. జ్యూరీలో మైకేల్ ఆర్నాల్డ్ అని ఒకాయన ఉన్నాడు. రాజభవనానికి బీరు కాచి పోసేవాడు. తీర్పు ఎటు చెప్పినా తన వ్యాపారం సగం మునుగుతుందని వాపోయాడట: నిర్దోషులంటే రాజు తాగడు, దోషులంటే ఇంకెవడూ తాగడు. రాత్రంతా పట్టుబట్టి కూచున్నాడు. జూన్ 30 ఉదయానికి మెత్తబడ్డాడు. నిర్దోషులని తీర్పు రాగానే లండన్ వీధుల్లో మంటలు వేసుకుని పండగ చేసుకున్నారు. ఆ ఏడాది చివరికి రాజే దేశం విడిచిపోయాడు.

అక్కడి నుంచి నూరేళ్లు గబగబా దాటేయవచ్చు, ఎందుకంటే అది ఎక్కువగా జీతాల కథ. ల్యాండాఫ్ బిషప్పు రాబడి ఏడాదికి వెయ్యి పౌండ్లు కూడా లేదు, డరమ్‌ది దానికి ఎన్నో రెట్లు. చిన్న పీఠం నుంచి పెద్ద పీఠానికి మార్చేది ప్రధానమంత్రి. ఓటు ఎటు పడుతుందో వేరే చెప్పాలా? 1733లో వాల్పోల్ ప్రభుత్వం ప్రభువుల సభలో గట్టెక్కింది బిషప్పుల చలవతోనే. జైలుకెళ్లిన ఏడుగురి వారసులు ఇలా బదిలీల కోసం కాచుకుని కూచోవడం చూస్తే, 1688లో సంపాదించిన పరువంతా ఈ లెక్కల పుస్తకంలోనే ఖర్చయిపోయిందనిపిస్తుంది.

హౌలీ పిల్లికి ప్రాయశ్చిత్తం 1911లో జరిగింది. ప్రభువుల సభ వీటో అధికారాన్ని కత్తిరించే పార్లమెంట్ బిల్లు. ఆగస్టు 10, లండన్ ఎండకు ఉడికిపోతున్న రోజులు. ఈసారి కాంటర్‌బరీ పీఠం మీద ఉన్నది రాండల్ డేవిడ్‌సన్. బిల్లుకు 131, వ్యతిరేకం 114. ఇద్దరు ఆర్చిబిషప్పులతో కలిపి 13 మంది బిషప్పులు బిల్లు వైపు వేశారు. మళ్లీ కాగితం తీయండి: ఆ 13 అటు పడి ఉంటే 118, 127. ఓడిపోయేది. ఎనభై ఏళ్ల కిందట సంస్కరణను ఆపినవాళ్లే ఇప్పుడు సొంత సభ కోరలు తీయడానికి సాయం చేశారు.

ఈలోగా చుట్టూ ఉన్న కుర్చీలు తగ్గుతూ వచ్చాయి. 1869 చట్టంతో ఐర్లండు బిషప్పులు, 1914 చట్టంతో వేల్సు బిషప్పులు సభకు దూరమయ్యారు. 1847లో మాంచెస్టర్‌కు కొత్త పీఠం పెట్టినప్పుడే సంఖ్యను 26 దగ్గర బిగించేశారు. కాంటర్‌బరీ, యార్క్, లండన్, డరమ్, వించెస్టర్ వాళ్లకు చోటు ఎప్పుడూ ఖాయం. మిగతా 21 చోట్లకు సీనియారిటీ వరుస. 2015లో చట్టం చేసి మహిళా బిషప్పులకు ఆ వరుసలో ముందు చోటు ఇచ్చారు. అలా మొదట వచ్చినామె గ్లాస్టర్ బిషప్పు రేచెల్ ట్రీవీక్. మామూలుగా 70 ఏళ్లు నిండితే పదవి పోతుంది, దాంతో సభా పోతుంది. రోజూ సభ మొదలయ్యేది వాళ్లలో ఒకరు చదివే ప్రార్థనతోనే. వాళ్ల బెంచీకి చివర్న చేతులుంటాయి, సభలో ఇంకే బెంచీకీ ఉండవు. తాగి దొర్లిపడకుండా పెట్టారని గిట్టనివాళ్లు చెప్పే కథ. బ్రూమ్ కూచునే చోటికి పెట్టి ఉంటే నమ్మేవాణ్ణి.

చిత్రమేమిటంటే, ఓటుకు బలమున్నంతకాలం వీళ్లకు నోరు పెగల్లేదు. నోరు పెగిలేసరికి ఓటు చిక్కిపోయింది. 1944 ఫిబ్రవరిలో, యుద్ధం మధ్యలో, జర్మనీ నగరాల మీద విచక్షణ లేకుండా బాంబులు వేయడం తప్పని చిచెస్టర్ బిషప్పు జార్జ్ బెల్ సభలో లేచి అన్నాడు. చర్చిల్‌కు అది నచ్చలేదు. ఉరిశిక్ష రద్దును 1960ల్లో ఆర్చిబిషప్పు రామ్జీ సమర్థించాడు. రోమిలీ వింటే ఏమనేవాడో! 2012 జనవరిలో కుటుంబానికి ఇచ్చే సాయం మీద 26 వేల పౌండ్ల హద్దు పెడుతుంటే, పిల్లల భత్యాన్ని అందులో కలపొద్దని రిపన్ అండ్ లీడ్స్ బిషప్పు జాన్ ప్యాకర్ సవరణ తెచ్చాడు. 252–237తో నెగ్గాడు. కామన్స్ సభ దాన్ని కొట్టేసింది. 2022 జూన్‌లో, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను రువాండాకు పంపే పథకాన్ని తప్పుపడుతూ సభలోని బిషప్పులంతా కలిసి పత్రికకు లేఖ రాశారు. ప్రభుత్వం ఆగలేదు.

తెలుగు బైబిల్లో బిషప్పుకు వాడిన మాట 'అధ్యక్షుడు'. సభను నడిపేవాడికీ మనం అదే మాట వాడతాం. కానీ ఆ పోలిక మాట దగ్గరే ఆగింది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి వైపు మనిషి. క్రైస్తవులకు చట్టసభల్లో ప్రత్యేక నియోజకవర్గాలు వద్దే వద్దని ఆయన గట్టిగా వాదించాడు. లండన్‌లో అదే చర్చి పెద్దలు తమకని కేటాయించిన బెంచీల మీద కూచున్న కాలం అది. మాలమాదిగ పల్లెల్లో తిరిగిన ఆయనకు ఏ బెంచీ లేదు, అడగలేదు కూడా.

26 మంది వరుసలో ఎన్నడూ నిలబడని ఇంగ్లిషు చర్చి బిషప్పు ఒకరున్నారు: సోడర్ అండ్ మ్యాన్ బిషప్పు. మ్యాన్ అంటే ఐరిష్ సముద్రంలోని దీవి. మరి సోడర్ ఎక్కడ? అలాంటి దీవి పటంలో లేదని గమనించిన ఆడ్రీ అనే పాదిరిగారు, ఆ పేరుతో దీవిని ఊహించి తన రైలింజను కథల్ని అక్కడ నడిపించాడు. పిల్లలు చూసే థామస్ రైలు తిరిగేది ఆ సోడర్‌లోనే. అసలు బిషప్పు మాత్రం తన దీవి శాసనసభ టిన్‌వాల్డ్‌కు చెందినవారు. ఏటా జూలైలో సెయింట్ జాన్స్ ఊళ్లో, నాలుగు మెట్లుగా కట్టిన గడ్డి దిబ్బ చుట్టూ జనం చేరతారు. దారంతా తుంగగడ్డి పరుస్తారు. ఆ ఏడు చేసిన చట్టాల సారాంశాన్ని ఇంగ్లిషులో ఒకసారి, మ్యాంక్స్ భాషలో ఒకసారి పైకి చదువుతారు. పద్దెనిమిది నెలల్లోపు అలా చదవకపోతే చట్టం చెల్లదు. బిషప్పు అన్నిటికంటే పై మెట్టు మీద, ఆరుబయట, గాలికి అంగీ సర్దుకుంటూ కూచుని వింటారు.