ప్రసవానంతర గర్భనిరోధ విధానం: అవకాశం, అంగీకారం

కుటుంబ నియంత్రణను 1952లోనే జాతీయ కార్యక్రమంగా చేపట్టిన దేశం మనది. అయితే కాన్పుకూ గర్భనిరోధానికీ విధానపరంగా ముడిపడినది 1969లో, అఖిల భారత ఆసుపత్రుల ప్రసవానంతర కార్యక్రమంతో. పాపులేషన్ కౌన్సిల్ 1966లో వివిధ దేశాల ఆసుపత్రుల్లో ఆరంభించిన ప్రయోగం దీనికి పూర్వరంగం. ఆసుపత్రిలో పురుడు పోసుకున్న స్త్రీ మళ్లీ అక్కడికి వస్తుందన్న నమ్మకం లేదు, కనుక ఇంటికి వెళ్లేలోపే గర్భనిరోధ సదుపాయం అందించాలన్నది ఆ వాదం. వాదంలో బలం ఉంది. ఎడం లేని కాన్పులు తల్లికీ బిడ్డకూ చేటు. కాని ఆ సమయం ఎవరికి అనువైనదన్న ప్రశ్న వెనుకబడింది. నొప్పుల నుంచి అప్పుడే తేరుకుంటున్న బాలింత, పక్కన అత్తగారో తల్లో, ఎదుట లక్ష్యాలు పూర్తిచేయవలసిన సిబ్బంది ఉన్నచోట ఆమె ‘సరే’ అనడాన్ని స్వేచ్ఛాంగీకారంగా లెక్కించడం కష్టం.

అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధ శస్త్రచికిత్సలు ప్రధానంగా పురుషులపై జరిగాయి. 1977 తరువాత ‘కుటుంబ నియంత్రణ’ అధికారికంగా ‘కుటుంబ సంక్షేమం’ అయింది. పత్రికల్లో మాత్రం ‘కు.ని.’ అన్న పొడి అక్షరాలు నిలిచిపోయాయి. వాసెక్టమీ వెనుకకు పోగా భారం స్త్రీలపైకి మళ్లింది. పద్ధతులవారీ లక్ష్యాలు 1996 వరకు కొనసాగాయి.

అంగీకారం గురించిన తొలి గట్టి ప్రశ్నల్లో ఒకటి తెలుగునేల నుంచే వచ్చింది. అది ప్రసవానంతర కార్యక్రమానికి సంబంధించినది కాకపోయినా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 1985లో పటాన్‌చెరువులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగంలో స్త్రీలకు తగిన సమాచారం ఇవ్వలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. మరుసటి ఏడు ఇతరులతో కలిసి సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

2005లో జననీ సురక్షా యోజన వచ్చాక ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. వాటి వెంట కాన్పైన వెంటనే లూప్ అమర్చే పద్ధతికి ప్రాధాన్యం హెచ్చింది. 2017లో ‘అంతర’ ఇంజెక్షన్, ‘ఛాయ’ మాత్ర ప్రభుత్వ కార్యక్రమంలో చేరాయి. ఎంపికలు కాగితం మీద విస్తరించాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశ సగటు 38 శాతం. పురుషుల శస్త్రచికిత్స ఒక శాతానికి లోపే. మన పల్లెల్లో బాలింతను ‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ తిరిగి అడగరు.