పట్టికలో లేని కంపు

హైదరాబాద్ శివారు కాలుష్యం గురించి రాసేవాళ్లు చాలామంది కథను ఒకే వరసలో చెబుతారు. 1970ల్లో పారిశ్రామికవాడలు వచ్చాయి, మందుల ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగు పాలయ్యాయి, 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వెలిశాయి, కంపు తగ్గింది. పేచీ అంతా ఆ ఆఖరి మాటతోనే.

జీడిమెట్లలో 1989లో, పటాన్‌చెరులో 1994లో కేంద్రాలు మొదలయ్యాక, పదుల కొద్దీ ఫ్యాక్టరీల నీళ్లు ట్యాంకర్లలో వచ్చి ఒకేచోట కలవసాగాయి. ఇలాంటి కలయికలో ఒకరి నీళ్లలో సల్ఫైడ్, ఇంకొకరి నీళ్లలో ఆమ్లం ఉంటే చాలు. పీహెచ్ 7 కిందికి దిగేకొద్దీ సల్ఫైడ్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్ సల్ఫైడై పైకి లేస్తుంది. బ్యాక్టీరియాకు గాలి అందించాలని ఏరేటర్లు నీటిని చిలుకుతాయి. ఆ నీళ్లలోని సాల్వెంట్లు ఆ చిలుకుడుకే ఎగిరిపోతాయి. నీటి లెక్కలో సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) తగ్గుతుంది, తగ్గినదాంట్లో ఊరి గాలిలో ఎంత కలిసిందో ఆ లెక్క చెప్పదు. అలాగని కేంద్రాలే వాసన పుట్టించాయనడం న్యాయం కాదు. అవి లేకుంటే ఆ నీళ్లు వాగులోనే కుళ్లేవి. చెదురుమదురుగా ఉన్న కంపును ఒకచోటికి చేర్చాయన్నంత వరకే నా వాదన.

అసలు లోపం నిబంధనల్లో ఉంది. సీఓడీకి, బీఓడీకి (జీవ ఆక్సిజన్ అవసరానికి) అంకెలు రాసిన పర్యావరణ నిబంధనలు, దుర్వాసన దగ్గరికొచ్చేసరికి సాధ్యమైనంత మేరకు తొలగించమని ఊరుకున్నాయి. పటాన్‌చెరు కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. వాసనకు లేనట్టే ఆ మందుకూ అప్పట్లో నిబంధనల పట్టికలో గడి లేదు. మనుషుల ముక్కులతోనే వాసనను కొలిచే పద్ధతికి యూరప్ 2003లోనే ప్రమాణం రాసుకుంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో మార్గదర్శకాలు తెచ్చింది, కానీ మార్గదర్శకం చూపి జరిమానా వేయడం కష్టం.

ఇప్పుడు ట్యాంకులకు మూతలు, స్క్రబ్బర్లు, బయోఫిల్టర్లు అంటున్నారు. మూత మంచిదే. కాస్టిక్ స్క్రబ్బర్ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను బాగానే పట్టేస్తుంది, టాలుయీన్ వంటి సాల్వెంటును మాత్రం దాదాపు వదిలేస్తుంది. బయోఫిల్టర్ టాలుయీన్‌ను తినగలదు గానీ, ఒక్కసారిగా ఘాటు లోడు వచ్చిపడితే తట్టుకోలేదు. సువాసన చల్లే యంత్రాల గురించి మాట్లాడటం దండగ. సాల్వెంటును ఫ్యాక్టరీలోనే ఆవిరితో నడిచే స్ట్రిప్పర్‌తో వేరుచేశాకే ట్యాంకరు నింపాలి; ఆ ఆవిరి ఖర్చు ఫ్యాక్టరీదే కావాలి. తనిఖీ వేళలూ మారాలి. రాత్రిపూట గాలి కదలక ఆవిర్లు నేలను అంటిపెట్టుకునే ఉంటాయి, పగలు పదింటికి వచ్చే అధికారికి అవి దొరకవు.