కరువు పని లెక్క అడిగిన కుర్రకారు

మన ఉమ్మడి జిల్లా చరిత్ర అనగానే పెనుకొండ కోట, బాబయ్య దర్గా గురించి వ్రాయడం రివాజు. ఈసారి మేము మట్టి పని మస్టరు గురించి వ్రాస్తున్నాము. ఇదీ చరిత్రే.

ఉపాధి హామీ పనిని మన పల్లెల్లో "కరువు పని" అనే అన్నారు. ఆ మాట వెనుక చాలా పాత జ్ఞాపకం ఉంది. 1876-78 కరువు నాటికి అనంతపురం జిల్లా లేదు, ఇదంతా బళ్లారి జిల్లా. మనది విడిగా ఏర్పడినది 1882లో. ఆ కరువులో సర్కారు సహాయ పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. కూలీ దగ్గర లెక్క చూపించవలసిన అవసరం ఏ దొరకూ లేకపోయింది.

తెల్లవాళ్లు పోయారు గానీ లెక్కల కట్టలు విప్పలేదు. పేరొకరిది, కూలి ఇంకొకరిది. వాటిని విప్పించిన ఘనత రాజస్థాన్ పల్లె జనానిది. అక్కడ 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. 1994 నుండి వారు ఊరి నడుమ జనాన్ని కూర్చోబెట్టి, మస్టరు రోలు బిగ్గరగా చదివి, ఈ పేరు గల మనిషి నిజంగా పని చేశాడా అని అడగసాగారు. దానికి జన్ సున్‌వాయీ అని పేరు. మన ఇళ్లలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఆ పోరాటమే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. అదే ఏడు వచ్చిన ఉపాధి హామీ చట్టం, పనుల తనిఖీని 17వ సెక్షన్ కింద గ్రామసభకు అప్పగించింది.

ఆ పథకం దేశం మొత్తానికి మొదలైనది మన బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మొహర్రానికి మనమంతా పోయే గూగూడు ఉన్న నార్పల మండలమే అది. ఆ ఏడే జిల్లాలో సామాజిక తనిఖీ కూడా పెద్ద ఎత్తున జరిగింది. రాజస్థాన్ వాళ్లు వచ్చి పద్ధతి నేర్పారు.

పద్ధతి చూడండి. కూలీల ఇళ్లలో నాలుగక్షరాలు చదివిన ఆడపిల్లలను, కుర్రవాళ్లను ఎంచి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. సొంత ఊరు కాక వేరే ఊరికి పంపారు. సొంత ఊరైతే మామ మొహమాటపెడతాడు, అన్న బెదిరిస్తాడు. వాళ్లు మండలం ఆఫీసు నుండి రికార్డులు తీసుకొని ఇంటింటికీ తిరిగారు. "అమ్మా, నీవు ఆరు దినాలు పోయినట్టు వ్రాసినారు, పోయినావా? దుడ్డు ముట్టిందా?" అని అడిగారు. పాస్‌బుక్కుతో సరిచూశారు. టేపు పట్టి గుంతలు కొలిచారు. కూలీ చెప్పినది వ్రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించారు. తర్వాత గ్రామసభ. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ ఆఫీసర్ల ఎదుటనే కాగితం చదివారు. ఉపన్యాసాలు విని నాయకులైన వాళ్లకన్నా ఆ కాగితం చదివిన పిల్లే మా దృష్టిలో పెద్దది.

2009లో రాష్ట్రం ఈ తనిఖీలకు ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పరచింది. పట్టుబడిన సొమ్మంతా తిరిగి రాలేదు, వసూలైనది కొంతే. ఆ మాటా దాచరాదు.

ఇక మన సంగతి. పల్లెల్లో దూదేకుల కుటుంబాల వారు ఈ మట్టి పనికి పోయినవారే. వారికి తెలుగు చదువు ఉంది. పట్నం మొహల్లాల్లోని మా ఉర్దూ మీడియం పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, మస్టరు చేతికిస్తే మాత్రం కూడబలుక్కుంటారు. తమాషా ఏమంటే హాజరు, దరఖాస్తు, రసీదు, వసూలు, ఫిర్యాదు అన్నీ మన మాటలే! ఉర్దూ మీద ప్రేమ ఏమీ తగ్గనక్కరలేదు. కానీ రేషన్ కాగితమో పింఛను జాబితానో చదవలేని పిల్లవాడు ఎవరి తరఫున నిలబడతాడు? సర్కారు గొడవలు మనకెందుకని పెద్దలు అంటారు. వారి భయం ఉత్తది కాదు. ఎదురు మాట్లాడితే మరుసటి వారం పని ఉండదేమోనన్న బెదురు కూలీకి ఎప్పుడూ ఉన్నదే. పక్క ఊరి పిల్లలను పంపడంలోని తెలివి అదే.

వచ్చే వేసవి సెలవుల్లో మన సొసైటీ తరఫున సాయంకాలం పూట ఇలాంటి తెలుగు కాగితాలు చదవడం, సమాచార హక్కు దరఖాస్తు వ్రాయడం నేర్పవలెనని మా మనవి. పాఠం చెప్పే పని మేము చూసుకుంటాము. దరఖాస్తు రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అదీ లేదు.